వృత్తి మారాలనే కోరిక ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ శీర్షికకు కొంతకాలంగా వస్తున్న ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి: నిలదొక్కుకున్న వృత్తిని వదిలి మరో దారి పట్టాలన్న కోరిక. ఈ కోరికను జబ్బుగానో, చాపల్యంగానో కాక, మనిషి ఎదుగుదలలో భాగంగా చూడటానికి ప్రయత్నించిన శాఖ మానవతావాద మనస్తత్వశాస్త్రం. మనిషిని అలవాట్ల మూటగా చూసిన ప్రవర్తనావాదానికీ, అణచివేసిన కోరికల నిలయంగా చూసిన మనోవిశ్లేషణకూ భిన్నంగా, 'మూడో శక్తి'గా ఇది 1950, 60 దశకాల్లో అమెరికాలో రూపుదిద్దుకుంది. ఈసారి అయిదు ఉత్తరాలను ఆ కోణం నుంచి చూద్దాం. పేర్లు వేయవద్దని అందరూ కోరారు.

ప్రశ్న: నా వయసు 41. 17 ఏళ్లుగా ఆడిటింగ్ రంగంలో ఉన్నాను. జీతానికీ, గౌరవానికీ లోటు లేదు. అయినా రెండేళ్లుగా ఈ పని వదిలేసి వడ్రంగం నేర్చుకోవాలని గట్టిగా అనిపిస్తోంది. మిత్రుడొకరు మనిషి అవసరాలను మెట్లుగా చూపే మాస్లో పిరమిడ్ చూపించి, "కింది మెట్లన్నీ ఎక్కేశావు, ఇప్పుడు పై మెట్టు పిలుస్తోంది, అంతే" అన్నారు. అదే నిజమైతే, ఇంటి అద్దెకే ఇబ్బంది పడే మా తమ్ముడు ఉన్న ఉద్యోగం మానేసి సంగీతం నేర్పడానికి ఎందుకు వెళ్లాడు? వాడు కింది మెట్లు ఎక్కనే లేదు కదా!

జవాబు: మీ తమ్ముడి గురించి మీరు వేసిన ప్రశ్న ఒక్కటి చాలు, ఆ పిరమిడ్ కదిలిపోవడానికి. నిజానికి దాన్ని మాస్లో గీయలేదు. అమెరికన్ మనస్తత్వవేత్త అబ్రహాం మాస్లో 1943లో మానవ ప్రేరణపై రాసిన వ్యాసంలో శారీరక అవసరాలు, భద్రత, ప్రేమ, గౌరవం, స్వీయ సాఫల్యం అనే అయిదింటిని ఒక వరుసలో చెప్పారు గానీ, అందులో త్రికోణం బొమ్మ ఏదీ లేదు. ఆ వరుసను త్రికోణంలో ఇమిడ్చింది తరవాతి కాలంలో దాన్ని వ్యాపార నిర్వహణకు అన్వయించినవారు. బొమ్మ వచ్చాక అది మెట్లదారి అయిపోయింది. ఒక మెట్టు పూర్తిగా ఎక్కితే తప్ప రెండోదాని మీద కాలు పెట్టరాదన్న నియమం కూడా దానంతటదే పుట్టుకొచ్చింది.

ఆ నియమం తప్పని అదే వ్యాసంలో మాస్లో స్వయంగా హెచ్చరించారు. ఒక అవసరం నూటికి నూరు పాళ్లు తీరాకే తరవాతిది తలెత్తుతుందనుకోవడం పొరపాటంటూ, ఊహకు అందడం కోసం కొన్ని అంకెలు వేసి చూపించారు: సగటు మనిషికి శారీరక అవసరాలు 85 శాతం, భద్రత 70 శాతం, ప్రేమ 50 శాతం, ఆత్మగౌరవం 40 శాతం, స్వీయ సాఫల్యం 10 శాతం తీరి ఉండవచ్చునని. ఇవి కొలిచి తేల్చిన అంకెలు కావు, ఉదాహరణ కోసం వేసుకున్నవి. అంతటితో ఆగక, వరుస తలకిందులయ్యే సందర్భాలను కూడా ఆయన చెప్పారు. సృష్టించాలన్న తపన సహజంగా బలంగా ఉన్నవారిలో, కింది అవసరాలు తీరకపోయినా ఆ తపన తగ్గదన్నారు. మీ తమ్ముడికి 1943లోనే చోటు దొరికిందన్నమాట.

ఇక్కడ చిన్న పక్కదారి. స్వీయ సాఫల్యం అని నేను రాస్తున్న దాన్ని కొందరు ఆత్మసాక్షాత్కారం అని అనువదిస్తారు. ఆ మాటకు వేదాంతంలో స్థిరపడిన అర్థం వేరు కాబట్టి చదివేవారికి అదేదో అందరికీ అందని సిద్ధి అన్న భావన కలుగుతుంది. మాస్లో ఈ భావనను తీసుకున్నది ఏ వేదాంతి నుంచో కాదు, కుర్ట్ గోల్డ్‌స్టెయిన్ అనే నాడీ వైద్యుడి నుంచి. మొదటి ప్రపంచ యుద్ధంలో మెదడుకు గాయాలైన సైనికులకు వైద్యం చేస్తూ గోల్డ్‌స్టెయిన్ గమనించింది ఏమిటంటే, ఎంత దెబ్బ తిన్నా ప్రాణి తనలో మిగిలిన శక్తులను ఏదో ఒక విధంగా వినియోగంలోకి తెచ్చుకోవడానికే పెనుగులాడుతుందని. అంటే ఇది చేరుకోవలసిన శిఖరం కాదు. ఉన్న సామర్థ్యం తనను పనిలో పెట్టమని పోరు పెట్టడం.

మీ విషయంలో పిరమిడ్ కంటే బాగా అక్కరకొచ్చేది మాస్లో చేసిన మరో విభజన. లోటు వల్ల పుట్టే ప్రేరణ ఒకటి, ఎదుగుదల కోసం పుట్టే ప్రేరణ మరొకటి. లోటు తీరితే, దాహం తీరినట్టు, కోరిక సద్దుమణుగుతుంది. ఎదుగుదల కోరిక అలా కాదు, తీరేకొద్దీ పెరుగుతుంది. వడ్రంగం గురించి తలచుకున్నప్పుడు మీకు కనిపించేది ఆఫీసుకు వెళ్లనక్కరలేని ఉదయమా, లేక చిత్రిక పడుతున్న ఉదయమా? మొదటిదే ఎక్కువగా కనిపిస్తుంటే మీకు కావలసింది బహుశా సుదీర్ఘమైన సెలవు, లేదా వేరే పై అధికారి. రెండోదైతే, ఇప్పుడే చేతికి ఉలి తీసుకోండి; సెలవు రోజుల్లో నాలుగు నెలలు పని చేశాక కూడా కోరిక తగ్గకుండా ఇంకా పదునెక్కుతూ ఉంటే అప్పుడు రాజీనామా గురించి ఆలోచించవచ్చు.

జీతం, గౌరవం ఉన్నా వెలితి ఎందుకన్న దానికి అమెరికన్ మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం 1959లో ప్రచురించిన అధ్యయనంలో ఒక సమాధానం ఉంది. వారు అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లనూ, అకౌంటెంట్లనూ (మీ వృత్తివారే) పనిలో అత్యంత సంతోషం కలిగిన సందర్భాలనూ, అత్యంత విసుగు కలిగిన సందర్భాలనూ చెప్పమన్నారు. విసుగు కథల్లో సంస్థ విధానాలు, పర్యవేక్షణ, జీతం, పని పరిస్థితులు ఎక్కువగా వచ్చాయి. సంతోషం కథల్లో ఏదైనా సాధించడం, గుర్తింపు, పని స్వభావం, బాధ్యత వచ్చాయి. దీన్నిబట్టి హెర్జ్‌బర్గ్ అన్నది: విసుగుకు కారణాలన్నీ తొలగించినా మిగిలేది విసుగు లేకపోవడమే తప్ప సంతోషం కాదని. మంచి జరిగితే తమ ఘనత అనీ, చెడు జరిగితే పరిస్థితుల తప్పనీ చెప్పుకోవడం మనుషుల స్వభావం కాబట్టి ఈ ఫలితాలను పూర్తిగా నమ్మలేమన్న విమర్శ కూడా ఉంది. అయినా మీ ఉత్తరంలోని మూడో, నాలుగో వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివితే హెర్జ్‌బర్గ్ మాట గుర్తుకు రాకమానదు.

ప్రశ్న: నా వయసు 29. మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ డాక్టర్లే, నేనూ అయ్యాను. చదువులో ముందుండేదాన్ని, రోగులు కూడా నన్ను ఇష్టపడతారు. కానీ రోజూ ఎవరి వేషమో వేసుకుని వెళ్లి వస్తున్నట్టు ఉంటుంది. చిన్నప్పుడు రాళ్లు, భూమి పొరలు, వాటి వయసులు అంటే ప్రాణం. ఇప్పుడు అది నిజమైన ఇష్టమో, తప్పించుకోవడానికి దొరికిన సాకో కూడా తెలియడం లేదు. వైద్యం మానేస్తానంటే నాన్నగారు కోప్పడరు, బాధపడతారు. కోప్పడినా బాగుండేదేమో.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసినది చివరి వాక్యం. కోపాన్ని ఎదిరించవచ్చు, బాధను ఎదిరించడం కష్టం. మానవతావాద మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ సిద్ధాంతం మొత్తం దాదాపుగా ఈ వాక్యం చుట్టూనే అల్లుకుని ఉందనిపిస్తుంది.

రోజర్స్ ప్రకారం, పసిబిడ్డకు తనకేది మంచిదో ఎవరూ చెప్పనక్కరలేదు. ఆకలేస్తే పాల కోసం ఏడుస్తుంది, కడుపు నిండగానే తల తిప్పుకుంటుంది. ఈ లోపలి త్రాసు అందరిలోనూ ఉంటుంది. అయితే బిడ్డకు పాలతో పాటు పెద్దవాళ్ల ఆదరణ కూడా కావాలి. 'ఇలా ఉంటే మాకు ముద్దు, అలా ఉంటే కాదు' అన్న సంకేతం, మాటల్లో కాకపోయినా ముఖకవళికల్లో, మళ్లీ మళ్లీ అందినప్పుడు బిడ్డ తన త్రాసును పక్కన పెట్టి పెద్దవాళ్ల త్రాసుతోనే తన అనుభవాలను తూచుకోవడం మొదలుపెడుతుంది. దీనినే రోజర్స్ విలువకు పెట్టిన షరతులు అన్నారు. ఏళ్లు గడిచేసరికి ఆ షరతులు బయటివన్న సంగతి కూడా మరుగున పడి, అవే తన అభిప్రాయాలనిపిస్తాయి. అప్పుడు పైకి కనిపించే వ్యక్తికీ, లోపల అనుభవించే వ్యక్తికీ మధ్య ఎడం ఏర్పడుతుంది. మీరు వేషం అన్నది ఆ ఎడాన్నే. 'ఏది ఇష్టమో తెలియడం లేదు' అన్నది కూడా మీ లోపం కాదు. చాలాకాలం వాడకుండా వదిలేసిన త్రాసు వెంటనే సరిగా తూచదు.

రోజర్స్ ఇది పుస్తకాల్లో చదివి రాయలేదు. 1902లో కట్టుదిట్టమైన మతవిశ్వాసాలున్న కుటుంబంలో పుట్టి, పొలంలో పెరిగి, మొదట శాస్త్రీయ వ్యవసాయం చదవడానికి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మతబోధకుడు కావాలనిపించి చరిత్రకు మారారు. 1922లో అంతర్జాతీయ క్రైస్తవ విద్యార్థుల సమావేశానికి చైనా వెళ్లి ఆరు నెలలకు పైగా ప్రయాణంలో గడిపారు. ఆ రోజుల్లో ఇంటికి ఉత్తరం చేరి జవాబు రావడానికి రెండు నెలలు పట్టేది. తన ఆలోచనలు మారుతున్న సంగతి ఆయన నిజాయితీగా రాస్తూ వచ్చారు, ఇంట్లోవాళ్లు బాధపడుతూ రాసిన జవాబు చేతికి అందేసరికి ఆయన మరింత ముందుకు వెళ్లిపోయి ఉండేవారు. తల్లిదండ్రుల నుంచి తన ఆలోచనలు పెద్ద గాయాలేమీ లేకుండా విడివడడానికి ఆ ప్రయాణం సాయపడిందని తరవాత చెప్పుకున్నారు. (మీకు ఆ రెండు నెలల తపాలా సౌకర్యం లేదు, పాపం.) 1924లో న్యూయార్క్‌లోని క్రైస్తవ మతాధ్యయన కళాశాలలో చేరి, రెండేళ్లకు దాన్నీ వదిలి, వీధికి అవతలనున్న కొలంబియా టీచర్స్ కాలేజీలో మనస్తత్వశాస్త్రంలోకి మారారు. జీవితానికి అర్థమేమిటన్న ప్రశ్న మీద ఆయనకు ఆసక్తి పోలేదు. ఫలానా సిద్ధాంతాన్ని నమ్మి తీరాలన్న నియమం ఉన్న వృత్తిలో ఉండలేనని మాత్రం తేల్చుకున్నారు. వృత్తి మారినా ప్రశ్న మారలేదన్నది గమనించండి. వైద్యంలో మీకు ఏ ప్రశ్న నచ్చిందో, రాళ్లలో ఏ ప్రశ్న నచ్చిందో ఒకసారి పక్కపక్కన రాసుకుంటే, రెండింటికీ బంధుత్వం కనిపించినా ఆశ్చర్యం లేదు.

ఇప్పుడే నిర్ణయం తీసుకోవద్దు. షికాగోలో రోజర్స్‌తో కలిసి పనిచేసిన యూజీన్ జెండ్లిన్, కౌన్సెలింగ్ వల్ల నిజంగా మేలు పొందుతున్నవారు మాట్లాడే తీరులో ఒక తేడా గమనించారు: వారు గబగబా కారణాలు చెప్పరు, మధ్యలో ఆగి, ఇంకా మాటల్లోకి రాని ఒక అనుభూతిని ఒంట్లో వెతుక్కుని, దానికి సరిపోయే మాట దొరికేదాకా తడుముకుంటారు. ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రం, భూగర్భ శాస్త్రం చదివిన సాయంత్రం, రెండింటి తరవాతా ఒక పావుగంట అలా ఆగి చూసుకోండి. కారణాలు రాయకండి, ఎలా ఉందో మాత్రం రాయండి.

మరో రెండు మాటలు. మీ నాన్నగారు బాధపడతారన్నది మీ ఊహ; ఆయన ఎప్పుడైనా అలా అన్నట్టు మీ ఉత్తరంలో లేదు. షరతులు పెద్దలు పెట్టినవే కానక్కరలేదు, పిల్లలు వారి మొహం చూసి తామే రాసుకున్నవీ ఉంటాయి. రెండోది, 'మనసుకు నచ్చిందే చేయాలి, లేకపోతే బతుకు వృథా' అన్న మాట ఈ రోజుల్లో నలుమూలలా వినిపిస్తోంది. అది కూడా బయటి నుంచి వచ్చిన షరతే. దానికి తలొగ్గి వైద్యం మానేస్తే మీరు ఒక త్రాసు నుంచి మరో పరాయి త్రాసుకు మారినట్టే అవుతుంది.

ప్రశ్న: ఎనిమిదేళ్లలో మూడు వృత్తులు మార్చాను: ఉపాధ్యాయుడు, సేల్స్, ఇప్పుడు వెబ్ డిజైన్. నిలకడ లేనివాడినని ఇంటాబయటా మాట. నిజంగా ఇది లోపమేనా?

జవాబు: మూడు అనే అంకెను బట్టి ఏమీ చెప్పలేము. వృత్తి అంటే మనిషి తన గురించి తాను ఏర్పరచుకున్న భావనకు పనిలో రూపం ఇవ్వడమేనని మనస్తత్వవేత్త డొనాల్డ్ సూపర్ 1950 దశకంలో ప్రతిపాదించారు. ఆ భావన అనుభవంతో మారుతుంది కాబట్టి వృత్తి మారడం దానంతటది అస్థిరత్వం కాదు. రోజర్స్ కూడా మంచి జీవితమన్నది చేరి ఆగిపోయే చోటు కాదని, ఒక దిశ అని అన్నారు.

అయితే ఒకటి అడుగుతాను. మొదటి రెండు పనులూ వదిలేటప్పుడు మీరు చెప్పిన కారణం ఒకటేనా? ప్రతిచోటా పని కొంచెం చేతికొచ్చి, ఇక అందులో పేరు తెచ్చుకోవాలో వద్దో తేలే వేళకే విసుగు వచ్చిందా? ఎదుగుదలకు ముందడుగు వేసిన ప్రతిసారీ ఆందోళన వెంట ఉంటుందనీ, దాన్ని తప్పించుకోవడానికి ఎదుగుదలనే వదులుకునేవారు ఉంటారనీ మనస్తత్వవేత్త రోలో మే 1950లో ఆందోళన మీద రాసిన పుస్తకంలో వివరించారు. మాస్లో కూడా మనిషి తన అల్పత్వానికే కాదు, తన గొప్పతనానికీ భయపడతాడన్నారు. కారణాలు వేరువేరైతే ఇంటాబయటా మాటను పట్టించుకోకండి. ఒకటే అయితే, నాలుగో వృత్తిలోనూ అది మీకంటే ముందే వెళ్లి కూర్చుంటుంది.

ప్రశ్న: ఇదంతా కడుపు నిండినవాళ్ల శాస్త్రం కాదా? నేను పనిచేసిన సంస్థ మూతపడింది. 52 ఏళ్ల వయసులో నేను వృత్తి మారడం నా ఎదుగుదల కోసం కాదు, గతిలేక. మీ మాస్లో, రోజర్స్ నాలాంటివారికి ఏం చెప్తారు?

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది, దాన్ని పలచన చేసే ప్రయత్నం చేయను. మాస్లో స్వీయ సాఫల్యం పొందినవారి లక్షణాలు రాయడానికి అధ్యయనం చేసినది తాను మెచ్చి ఎంచుకున్నవారిని: లింకన్, జెఫర్సన్, ఐన్‌స్టీన్, ఎలినార్ రూజ్‌వెల్ట్ వంటివారిని. మనకు నచ్చినవారిని ముందే ఏరుకుని, వారిలో మనం మెచ్చే గుణాలున్నాయని తేల్చడం వల్ల కొత్తగా తెలిసేది తక్కువ. అవసరాల వరుస మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలను వాబా, బ్రిడ్‌వెల్ అనే పరిశోధకులు 1976లో సమీక్షించి, దానికి స్పష్టమైన ఆధారం దాదాపు లేదన్నారు. వ్యక్తి ఎంపిక మీద ఇంతగా దృష్టి పెట్టే శాస్త్రం, ఎంపికే లేనివారి ముందు తడబడుతుంది. సంస్థలు ఎందుకు మూతపడతాయో, 52 ఏళ్లవారిని కొత్త సంస్థలు ఎందుకు తీసుకోవో చెప్పవలసింది ఆర్థికశాస్త్రం. ఆ లోటును మీ మనస్తత్వంలో వెతకమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి.

ఒక్క విషయంలో మాత్రం ఈ ధోరణికి దగ్గరివాడైన మనోవైద్యుడు విక్టర్ ఫ్రాంకల్ మీకు పనికొస్తారనుకుంటాను. మహామాంద్యం నాటి వియన్నాలో యువ వైద్యుడిగా ఉద్యోగాలు పోయినవారిని చూసి, 1933లో ఆయన నిరుద్యోగుల కుంగుబాటుపై ఒక వ్యాసం ప్రచురించారు. అక్కడ ఆయన గుర్తించినది రెండు సమీకరణాలు: పని లేకపోవడమంటే పనికిరాకపోవడమేనని మొదటిది, పనికిరాకపోవడమంటే బతుక్కి అర్థం లేకపోవడమేనని రెండోది. గ్రంథాలయాల్లోనో, యువజన సంఘాల్లోనో జీతం లేకపోయినా అర్థవంతమైన పనిలో వారిని చేర్చగలిగినప్పుడు, ఆకలి అలాగే ఉన్నా కుంగుబాటు తగ్గిందని ఆయన రాశారు. ఆకలి తీరిందని ఆయన అనలేదు, అందుకే ఆ మాట మీద నాకు నమ్మకం. గతిలేక మారుతున్నారన్నది నిజమే. కానీ కొత్త పని వెతుక్కుంటున్న ఈ నెలల్లో మొదటి సమీకరణం మీలో బిగుసుకుపోకుండా చూసుకోవడం మాత్రం మీ చేతిలో ఉన్నదే.

ప్రశ్న: వృత్తి మార్పు గురించి కౌన్సెలర్ దగ్గరకు వెళ్లాలనుకుంటున్నాను. మానవతావాద పద్ధతి పాటించేవారు నాకు ఏ వృత్తి నప్పుతుందో చెప్తారా?

జవాబు: చెప్పరు. అదే ఆ పద్ధతి. రోజర్స్ 1942లో కౌన్సెలింగ్ మీద పుస్తకం రాసినప్పుడు, సలహా ఇవ్వడం కౌన్సెలర్ పని కాదనడం చాలామందికి మింగుడు పడలేదు. ఆయన దృష్టిలో కౌన్సెలర్ తీసుకురావలసినవి మూడు: తాను నటించకపోవడం, ఎదుటి వ్యక్తిని షరతులు లేకుండా ఆదరించడం, ఆ వ్యక్తి లోకాన్ని ఆ వ్యక్తి కళ్లతో చూసి, తనకు అర్థమైనదాన్ని తిరిగి ఆ వ్యక్తికి వినిపించడం. మొదటి రెండు మూడు సార్లు 'నేను చెప్పిందే మళ్లీ నాకు చెప్తున్నారేమిటి' అన్న చిరాకు కలగవచ్చు. నాలుగోసారికి, మీరే చెప్పిన మాట బయటి నుంచి వినపడి, 'నేను అన్నది అదా? కాదే' అని సరిదిద్దుకోవడం మొదలుపెడతారు. పద్ధతి పనిచేసేది అక్కడే.

మొదటి రోజే ప్రశ్నావళి ఇచ్చి, మీ అభిరుచులను బట్టి వృత్తుల పట్టిక చేతిలో పెట్టేది వేరే రకం సేవ. మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959 నుంచి అభివృద్ధి చేసిన ఆరు వ్యక్తిత్వ రకాల విభజన వంటివి దానికి ఆధారం. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఉన్న పని వదలాలా వద్దా అన్నది తేలనప్పుడు మొదటి రకం కౌన్సెలర్ దగ్గరకు, వదలాలని తేలి ఎటు వెళ్లాలో తెలియనప్పుడు రెండో రకం దగ్గరకు వెళ్లండి. మీరు ఏ దశలో ఉన్నారో ఉత్తరంలో రాయలేదు. ఫోన్‌లో సమయం అడిగేటప్పుడే ఆ సంగతి చెప్పి, వారు ఏ పద్ధతి పాటిస్తారో కనుక్కోండి.